చేతికివ్వని ఉప్పు

సీసాలో సగానికి నీళ్ళు పట్టి, నాలుగు సబ్బు చుక్కలు వేసి, మూత బిగించి దొరబాబు గట్టిగా ఊపాడు. నీళ్ళు మెత్తగా ఉంటే నురగ సీసా మెడ దాకా లేచి కాసేపు అక్కడే కూర్చుంటుంది. ఇవాళ లేవలేదు. పైన తెల్లటి తరక లాంటిదొకటి కట్టి, చూస్తుండగానే విరిగిపోయింది. ఇంకోసారి ఊపాడు. రెండోసారి ఊపితే నీళ్ళు మనసు మార్చుకుంటాయని కాదు, ఊరికే.

కూర్మన్నపాలెం జంక్షన్‌కి వెనక వీధిలో ఉన్న ఆ అపార్ట్‌మెంట్‌లో చాలామంది స్టీలు ప్లాంటులో రిటైరైనవాళ్ళు. కార్లు పెట్టే సెల్లారులో, మెట్ల కింద, పంపుల గది ఉంది. అందులో ఓ మూల మనిషెత్తు నీలం సిలిండరు, దాని నెత్తిన అంకెలు చూపించే చిన్న పెట్టె, పక్కన మూతపెట్టిన ఉప్పు తొట్టి. బోరు నీళ్ళు ఆ సిలిండరులోంచి పోతే మెత్తబడతాయి. లోపల ఆవగింజలంత గింజలుంటాయి. నీళ్ళలోని సున్నాన్ని అవి పట్టి ఉంచుకుంటాయి. అవి నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగి, ఆ మురికంతా కాలువలోకి వదిలేస్తే మళ్ళీ పనికొస్తాయి. తొట్టిలో ఉప్పు లేకపోతే మాత్రం మిషను వట్టి నీళ్ళనే పీల్చుకుని, కడగడం అయిపోయిందని పచ్చలైటు వెలిగిస్తుంది. ఈ విషయంలో దానికీ కొందరు మనుషులకీ పెద్ద తేడా లేదు.

తొట్టిలో ఉప్పు అయిపోయి మూడు రోజులైంది. వానలకి ఉప్పు లారీ రాలేదు. కిరాణా కొట్లో దొరికే మెత్తటి ఉప్పు వేస్తే ముద్దకట్టి గొట్టం మూసుకుపోతుంది. ఈలోగా పైన పప్పులు ఉడకడం మానేశాయి, జుట్లు పీచు కట్టాయి, గీజర్లు మూలగడం మొదలెట్టాయి. అసోసియేషన్ సెక్రటరీ ఉదయ్‌కుమార్ పొద్దున్నే వాకింగ్ బూట్లతోనే సెల్లారులోకి దిగి, మధ్యాహ్నానికల్లా నీళ్ళు బాగుపడకపోతే పని మొత్తం పెందుర్తి కంపెనీకి అప్పజెప్పేద్దామని కమిటీ అనుకుంటోందని చెప్పి వెళ్ళాడు. ఆయన కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే దొరబాబు అంత భయపడేవాడు కాదు.

ఇక ఉప్పు దొరికే చోటు ఒక్కటే మిగిలింది. అది వాళ్ళిల్లు.

దొరబాబుకి యాభై దగ్గరపడ్డాయి. పొట్టి మనిషి, వల లాగడానికి పుట్టినట్టుండే వెడల్పాటి భుజాలు. ఆ భుజాలు ఎన్నడూ వల లాగలేదు. జాలరి ఇంట పుట్టిన అతనికి సముద్రం పడదు. కుర్రతనంలో తండ్రి తెప్ప మీద తీసుకెళ్తే కెరటాలు దాటకముందే కక్కడం మొదలెట్టేవాడు. కొన్నాళ్ళు చూసి తండ్రి అతన్ని ఒడ్డునే వదిలేశాడు. ఒడ్డు మీద మగవాడికి పనేముంటుంది? ప్లంబర్ల వెంట తిరిగి, మోటార్లు విప్పడం నేర్చుకుని, చివరికి ఈ గదిలోకి వచ్చి పడ్డాడు. వాళ్ళ జాలర్ల పేటలో అతన్ని మంచినీళ్ళ దొరగారని పిలుస్తారు. అతనూ నవ్వుతాడు. ఆ నవ్వు అతనికి అలవాటైపోయింది.

నవ్వలేనిది ఇంకొకటుంది. అతని తల్లి పోతమ్మ ఎండు చేపలమ్ముతుంది. ఇల్లంతా అదే వాసన: చాపలకి, దిండ్లకి, ఆరేసిన బట్టలకి, గోడలకి. చిన్నప్పుడు అది వాసనని అతనికి తెలియదు. ఇక్కడ చేరిన కొత్తలో ఓసారి లిఫ్టులో ఎక్కితే, పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి జలుబేమో. దొరబాబు మాత్రం మళ్ళీ లిఫ్టు ఎక్కలేదు. యూనిఫాం చొక్కా ఇంటికి తీసుకెళ్ళడు, పంపుల గదిలోనే మేకుకి తగిలిస్తాడు. పొద్దున్నే వచ్చి అక్కడే చందనం సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, అది తొడుక్కుంటాడు. అలాంటిదే ఇంకో సబ్బు ఇంట్లో రేకు డబ్బాలో పెట్టుకున్నాడు. దాన్ని వేరేవాళ్ళు ముట్టుకోరు.

ఒకసారి పోతమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఈ వీధిలోనే అమ్ముకుంటూ వచ్చింది. ఎండు నెత్తళ్ళో అని ఆమె కేక సెల్లారులోకి వినిపించింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెని కసిరి పంపేయడమూ వినిపించింది. దొరబాబు మోటారు మీదికి వంగి, బిగించి ఉన్న బోల్టునే మళ్ళీ బిగిస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి ఆమె ఎప్పటిలాగే అన్నం పెట్టింది. ఆ తర్వాత కూడా ఆ దారినే నడుస్తుంది గానీ, ఆ వీధి దాటేదాకా కేక వెయ్యదు.

అతను టీవీయస్ బండి మీద పేటకి వెళ్ళేసరికి పోతమ్మ వరండాలో గోడకి చేరబడి కూర్చుని ఉంది. మామూలుగా ఆ వేళకి ఆమె ఇసకలో చేపలు తిరగేస్తూ ఉండాలి. భార్య రాధ అప్పటికే రొయ్యల కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయింది.

"ఏటమ్మా అలగున్నావ్?" అన్నాడు.

"రేతిరి కాణ్ణుంచి గుండెల మీద ఏదో బరువెట్టినట్టుందిరా. గేసేమో."

మెడ మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా, తడిగా ఉంది.  అప్పుడే ఆటో ఎక్కించి ఉండాల్సింది. ఎక్కిద్దామనే అనుకున్నాడు కూడా. కానీ వాకింగ్ బూట్లతో నిలబడ్డ ఉదయ్‌కుమార్ కళ్ళ ముందు కదిలాడు. ఉప్పు పోసి మిషను ఆన్ చేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

"ఆస్పత్రికెల్దాం. ఈ ఉప్పేసేసి, పది గంటలకల్లా ఆటో అట్టుకుని వచ్చెత్తాను. రడీగా ఉండు."

"నీ పని సూసుకోరా. నానెక్కడికి పోతాను?"

ఉప్పు అనగానే ఆమె లేచింది. ఈ ఉప్పు సంగతి మొదటిసారి చెప్పినప్పుడు ఆమె పడీ పడీ నవ్వింది, నీళ్ళల్లో ఉప్పు తియ్యడానికి ఉప్పెయ్యడమేమిటని. ఇవాళ నవ్వలేదు. లోపలి గదిలో, చేపల్లో వెయ్యడానికి దాచుకున్న కల్లుప్పు పీపా ఉంది. ఇసక లేని మంచి ఉప్పు చూసి, చేటతో ఎత్తి గోనెసంచిలో పోసింది. అతను సాయం పడతానంటే ఒప్పుకోలేదు. మూతి కట్టి, ఈడ్చుకొచ్చి గుమ్మం ఇవతల దింపి, చెయ్యి తీసేసింది. ఉప్పు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ చెడుతుంది. కూరలోకి చిటికెడైనా సరే, కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. పోతమ్మ జన్మలో ఆ మాట తప్పలేదు.

దొరబాబు వంగి సంచి ఎత్తుకున్నాడు. అంతకుముందు అందులో నెత్తళ్ళుండేవి. వాసన గుప్పుమంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏరే సంచి నేదేటమ్మా?"

పోతమ్మ సంచి వంక చూసింది, కొడుకు మొహం వంక చూసింది.

"ఉప్పు మంచిదేరా," అంది. చేతులు కొంగుకి తుడుచుకుని, "ఇదొక్కటీ రేపటికి సాల్దు కదేటి. ఇంకో మూట కట్టి గుమ్మంలో ఎడతాను. ఆటో తెచ్చినప్పుడు తీసుకో," అంది.

బేగి వచ్చేస్తానని చెప్పి అతను బండి తీశాడు. దారంతా సంచి కాళ్ళ మధ్య వాసన కొడుతూనే ఉంది. స్టీలు ప్లాంటు గోడ పక్కన బొగ్గు లారీల వెనక వెళ్తున్నప్పుడు కూడా ఆ పొగలోంచి, దుమ్ములోంచి నెత్తళ్ళ వాసన విడిగా తెలిసింది.

పంపుల గదిలోకి సంచి దింపి తలుపు వేసుకున్నాడు. ఉప్పు తొట్టిలో పోసి, నీళ్ళు వదిలి, కరిగేదాకా కర్రతో కలియబెట్టాడు. సంచిని మడిచి, మోటారు వెనక ఎవరికీ కనపడని చోట కుక్కాడు. మిషను పెట్టె మీద రెండు బటన్లు ఒకేసారి నొక్కి పట్టుకుంటే లోపలి సెట్టింగులు తెరుచుకుంటాయి. దాని జోలికి వెళ్ళొద్దని బిగించడానికొచ్చిన ఇంజినీరు చెప్పాడు. మాటిమాటికీ పిలుస్తుంటే విసుగెత్తి, వెళ్ళేముందు ఆ ఇంజినీరే నేర్పించాడు. బోరు నీళ్ళు ఎంత గట్టివో చెప్పే అంకె, ఎంత ఉప్పు పీల్చాలి, చివర ఎంతసేపు కడగాలి, అన్నీ అక్కడే ఉంటాయి. దొరబాబు గట్టిదనం అంకె కాస్త పెంచాడు. చివరి కడుగుడు పది నిమిషాలుంది. అది చాలు, రోజూ దానితోనే సరిపోతుంది. దాన్ని ముట్టుకోకుండా, ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు ఆపి, మిషను ఆన్ చేశాడు.

కడుగుడు నడుస్తున్నంతసేపూ పైన ట్యాంకుల్లో ఉన్న నీళ్ళతోనే అందరూ సర్దుకోవాలి. నీళ్ళు వెనక్కి తిరిగి ఎర్రగా కాలువలో పడ్డాయి, తర్వాత ఉప్పునీళ్ళు సన్నగా లోపలికి వెళ్ళాయి. అతను బల్ల మీద కూర్చుని, తల్లి మెడ మీది చెమట గుర్తు చేసుకుంటూ కాలు ఆడించాడు. చివరి కడుగుడు కూడా అయ్యాక పచ్చలైటు వెలిగింది. సీసా ఊపితే నురగ మెడ దాకా లేచి కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. మోటారు వేసి, కాసేపు నీళ్ళు ట్యాంకుకి వదిలి, మొహం కడుక్కుని బయల్దేరదామని కొళాయి తిప్పి దోసిలి పట్టాడు.

నెత్తళ్ళ వాసన.

మళ్ళీ పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే. సందేహం లేదు. ఒక్క పరుగున వెళ్ళి మోటారు ఆపేశాడు.

ఎవరింట్లోనో పూజ గదిలో చెంబులోకి ఈ నీళ్ళు వెళ్తాయి. ఎవరో పుక్కిలిస్తారు, ఎవరో పసిపిల్లకి స్నానం చేయిస్తారు. ఒక్కరు ముక్కు ముడిస్తే చాలు. ఎక్కడిదీ వాసన అంటే, వాడెవరు, ఎక్కడివాడు, ఏం తెచ్చి పోశాడు అని తీగ లాగుతారు. పని పోతుందన్న భయం ఒకవైపు ఉంది గానీ, అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ సబ్బు పెట్టి రుద్దుకున్నదంతా గొట్టాల్లోంచి ప్రతి ఇంట్లోకీ పోయిందన్న సిగ్గు అతన్ని నిలువునా కాల్చేసింది.

గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. అతను రెండు బటన్లు నొక్కి పట్టుకుని లోపలి సెట్టింగులు తెరిచాడు. చివరి కడుగుడు అంకె ఇక పెరగనని మొరాయించేదాకా పెంచాడు. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు.

అప్పుడు తల్లికి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఎలగుందమ్మా?"

"అలగే ఉంది."

"ఇంకోపాలి కడగాల్సొచ్చింది. కొంచెం లేటవుద్ది."

"ఏం, ఏటయింది?"

"మిషను మొరాయించిందమ్మా."

అవతలి నుంచి ఊపిరి వినిపించింది, దూరం నడిచొచ్చిన మనిషి ఊపిరిలా.

"మంచిగా కడుగు నాయినా," అంది పోతమ్మ. "ఉప్పు గుమ్మంలో ఎట్టేను."

రెండో కడుగుడు పూర్తయ్యేసరికి చాలా పొద్దెక్కింది. దోసిలి పట్టి చూశాడు. వాసన తగ్గింది, పోలేదు. ఏడుపొచ్చింది. వట్టి నీళ్ళతో చివరి కడుగుడొక్కటే మళ్ళీ తిప్పాడు. ఆ తర్వాత ఇంకోసారి తిప్పాడు. కాలువలో నీళ్ళు అద్దంలా పోతున్నాయి. అతను వంగి కాలువ దగ్గర కూడా వాసన చూశాడు. ఒక మనిషి చెయ్యాల్సిన పని కాదది, కానీ అప్పుడతనికి ఆ సంగతి తోచలేదు. ఉదయ్‌కుమార్ మెట్ల మీంచే కేకేసి ఎంతవరకొచ్చిందని అడిగితే, దగ్గరికొస్తాడేమోనని తలుపు చాటుకి జరిగి, అయిపోయింది సార్ అన్నాడు.

మెట్లు దిగి నిజంగా దగ్గరికి వచ్చింది మూడో అంతస్తు జ్యోతిర్మయి. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఈ మూడు రోజులూ పప్పు ఉడకలేదని అందరికంటే ఎక్కువసార్లు ఫోన్ చేసింది ఆవిడే. చేతిలో స్టీలు గ్లాసుతో నీళ్ళున్నాయి.

"మళ్ళీ మోటారు ఎందుకు ఆపావు, దొరబాబూ? ట్యాంకు అడుక్కొచ్చేసింది. పొద్దున వదిలావు కదా, ఆ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పప్పు వెన్నలా ఉడికింది. అది చెబుదామనే వచ్చాను," అంది.

దొరబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వాసనేటైనా వచ్చిందా అమ్మా?"

"వాసనా? ఏం వాసన?" ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నిదానంగా పీల్చి, తల అడ్డంగా ఊపింది. ఒక గుక్క తాగింది కూడా. "ఇవి పొద్దున పట్టినవే. చూడు, కావాలంటే."

అతను గ్లాసు అందుకుని మొహం దగ్గరకి తెచ్చుకున్నాడు. స్టీలు వాసన తప్ప ఏమీ లేదు. కొంచెం నీళ్ళు అరచేతిలోకి ఒంపుకుని చూశాడు. నెత్తళ్ళు. అప్పుడు రెండో చెయ్యి, పొడిగా ఉన్న చెయ్యి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్కడా అవే నెత్తళ్ళు. సంచి మోసిన చేతులు. పొద్దున్నుంచి అతను వాసన చూస్తున్నది నీళ్ళని కాదు.

గ్లాసు ఆవిడకి ఇవ్వడం కూడా మరిచి బల్ల మీద పెట్టేశాడు. ఏమైందని జ్యోతిర్మయి అడిగింది. మా అమ్మ, అన్నాడు.  మోటారు వేసి, యూనిఫాం చొక్కాతోనే, బండి కూడా తియ్యకుండా జంక్షన్ దాకా పరుగెత్తాడు.

ఆటో అతను రేటు చెప్పబోతే వినిపించుకోకుండా ఎక్కి కూర్చున్నాడు. ప్లాంటు సైరన్ కూసింది, మధ్యాహ్నం షిఫ్టు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు. నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. ఈ చేతులు ఒక్కసారి సబ్బుతో తోముకుని ఉంటే పది గంటలకి ఆమె ఆస్పత్రిలో ఉండేది. ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది, ఎంత తోసినా పోలేదు. గేసే అయుంటుంది అనుకున్నాడు. గేసే అయుండాలి.

పేటలో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఎవరో మంచినీళ్ళ దొరగారు ఆటోలో వస్తున్నారని నవ్వారు. ఆటోని ఇంటి ముందు ఆపి, ఇంజను ఆపొద్దని చెప్పి దిగాడు.

పోతమ్మ గుమ్మం లోపలి పక్కన, ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. తల దువ్వుకుంది. కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆటో కోసం చూస్తూ చూస్తూ కునుకు తీసినట్టుంది.

"అమ్మా, లెగు. ఆటో వచ్చింది."

ఆమె లేవలేదు. భుజం మీద చెయ్యి వేశాడు. తల మెల్లగా అటువైపు వాలింది. అతను ఒక్కసారిగా కింద కూలబడి, ఆమె చెయ్యి తీసుకుని రెండు చేతులతో రుద్దాడు, చలేస్తున్న పిల్లకి రుద్దినట్టు. ఆ చెయ్యి వెచ్చబడలేదు. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. ఓసారి కొట్టి ఊరుకున్నాడు.

ఏం చెయ్యాలో తెలియక దొరబాబు ఆ చేతిని మొహానికి ఆనించుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఆ చేతికి చేపల వాసన లేదు. అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చేతికున్న వాసన, అన్నం ముద్దలో, జోకొట్టినప్పుడు, కొట్టినప్పుడు కూడా ఉన్న వాసన, ఏదీ లేదు. చందనం సబ్బు వాసన ఉంది. నీళ్ళ గోలెం పక్కన రేకు డబ్బా మూత తీసి ఉంది. అతని సబ్బు తడిగా, సగం అరిగి, నాపరాయి మీద ఉంది. పక్కనే ఉప్పు ఎత్తిన చేట, అది కూడా తోమి గోడకి నిలబెట్టి ఉంది.

ఎవరూ చెప్పకపోయినా ఆమెకి అంతా తెలుసు. లిఫ్టు సంగతి, మేకుకి వేలాడే చొక్కా, వీధిలోకి రాకుండా బోల్టు బిగించిన కొడుకు, పొద్దున పక్కకి తిప్పుకున్న మొహం, మిషను మొరాయించిందన్న మాట. గుండెల మీద బరువుతోనే చేతులు తోముకుని, చేట తోముకుని, మళ్ళీ లోపలికెళ్ళి ఉప్పెత్తింది. అతను అక్కడ ఆమె వాసన కడుక్కుంటున్నంతసేపూ ఆమె ఇక్కడ అదే కడుక్కుంటూ ఉంది. దొరబాబు నోటికి ఆమె చెయ్యే అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వలల దగ్గర మగవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకళ్ళిద్దరు ఇటు నడిచొచ్చారు.

నిరుడు నూకాలమ్మ జాతరకి అతను ఆమెకని కొని తెచ్చిన తువ్వాలు, ఇన్నాళ్ళూ మడత విప్పకుండా ట్రంకు పెట్టెలో దాచుకున్నది, గుమ్మం ఇవతల నాలుగు కొసలూ ముడేసిన మూటై ఉంది, నిండా ఉప్పుతో, వంగి తీసుకోవడానికి వీలుగా, ముడి అతని వైపుకి తిప్పి.